పక్క బెంచీలో కూర్చునేదెవరు?

ఎముక మజ్జలో అపరిపక్వ తెల్లకణాలు అదుపు తప్పి పెరిగే ల్యుకేమియా, అంటే రక్త క్యాన్సర్, పిల్లలకు వచ్చే క్యాన్సర్లలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. దానిలో ప్రధానమైన లింఫోబ్లాస్టిక్ రకానికి చికిత్స రెండేళ్లు, ఒక్కోసారి అంతకు మించి సాగుతుంది కాబట్టి, మాత్రలతో నడిచే చివరి దశలో చాలామంది పిల్లలు వైద్యుల అనుమతితో బడికి తిరిగి వెళ్తారు. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. కీమోథెరపీకి ఊడిన జుట్టు, స్టెరాయిడ్లకు ఉబ్బిన మొహం, మూతికి మాస్కు చూసి తోటిపిల్లలు 'గుండు' అని పిలుస్తారు, టోపీ లాగేస్తారు, 'అంటుకుంటది' అని బెంచీ మారతారు.

నిజామాబాద్ జిల్లా ఆర్మూర్ చుట్టుపక్కల పల్లెల్లో తండ్రి గల్ఫ్‌లో, తల్లి బీడీల చాట ముందో పసుపు చేలోనో ఉండే ఇళ్లు తక్కువేమీ కావు. జనవరి నుంచి మార్చి దాకా పసుపు తవ్వి, ఉడకబెట్టి, కొమ్ములు ఆరబోసే రోజుల్లో పిల్లవాణ్ణి హైదరాబాద్ రెడ్ హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి తీసుకుపోవడమంటే ఆ తల్లి కూలి పోగొట్టుకోవడమే. ఇటువంటి కష్టానికి చందాలు పోగుచేయగల శక్తి ఇక్కడి గ్రామాభివృద్ధి కమిటీలకు, అంటే ఎన్నికైన పంచాయతీకి వెలుపల కుల పెద్దలతో ఏర్పడే వీడీసీలకు, ఉంది. అయితే కుటుంబాలను సాంఘికంగా బహిష్కరించాయన్న ఆరోపణలూ ఈ జిల్లాలో వీడీసీల మీదే పదేపదే వచ్చాయి. పెద్దలు మాట్లాడవద్దని కట్టడి చేసిన ఇంటిని చూసి పెరిగిన పిల్లలకు, బెంచీలో ఒకణ్ణి వేరుచేయడం కొత్తగా నేర్పనక్కర్లేదు.

ఒక్కరోజు దయ ఎంత అందంగా ఉంటుందో రాష్ట్రం ఎరుగును. 2014 అక్టోబరులో ల్యుకేమియాతో ఉన్న కరీంనగర్ జిల్లా బాలుడికి ఒక రోజు హైదరాబాద్ పోలీసు కమిషనర్ కుర్చీ ఇచ్చారు. ఆ కోరిక తీర్చిన మేక్ ఎ విష్ సంస్థ కూడా, 1980లో అమెరికాలోని అరిజోనాలో పోలీసు కావాలనుకున్న ఒక ల్యుకేమియా బాలుడి కథతోనే పుట్టింది. ఆ సెల్యూట్లు విలువైనవే గానీ, మర్నాడు తరగతిలో పక్కన ఎవరు కూర్చుంటారన్నది కమిషనర్ చేతిలో లేదు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ మానసిక వేధింపును నిషేధించినా, శిక్షను సర్వీసు నిబంధనలకు ముడిపెట్టడంతో దాని చూపు తోటిపిల్లల కన్నా సిబ్బంది మీదే ఉంది. కాబట్టి తల్లిదండ్రుల అనుమతితో, పిల్లవాడు రాకముందే, జబ్బు అంటదనీ జుట్టు మళ్లీ వస్తుందనీ తరగతికి చెప్పే పని టీచరుదే.

నిజానికి ప్రమాదం తోటిపిల్లల నుంచి రోగికే ఉంటుంది. రోగనిరోధక శక్తి తగ్గిన ఈ పిల్లలకు ఆటలమ్మ, అంటే చికెన్‌పాక్స్, ప్రాణాంతకం కావచ్చు. అదే బెంచీ పిల్లవాడికి 'అమ్మవారు పోసింది' అన్న కబురు ఆ రోజే తెలిస్తే, వైద్యులు వెంటనే ఇచ్చే మందులతో ముప్పు చాలావరకు తగ్గుతుంది. ఆ కబురు దాచకుండా రోగి ఇంటికి పంపే పొరుగింటి తల్లి చేసే మేలు వీడీసీ చందాకు తీసిపోదు.