మదరాసు ట్రాము చరిత్ర

కాజీపేట–బల్లార్షా ఇనుపదారి 1929లో పూర్తియై ఢిల్లీని మదరాసుతో నేరుగా కలుపునాటికే, ఆ మహానగర వీథులలో విద్యుత్ ట్రాములు ముప్పది నాలుగేండ్లుగా పరుగిడుచుండెను. 1895లో, మన దేశమునకెల్ల ప్రథమముగా, అచట వెలసిన ఆ బండ్లకు విద్యుచ్ఛక్తి తొలుత పట్టాల నడుమ నేలలో త్రవ్విన కాలువనుండి అందెడిది. వర్షర్తువులలో ఆ యేర్పాటు పలుమార్లు చెడిపోగా, పైతీగెలు కట్టవలసివచ్చెను. వానిని నడుపు కంపెనీ దివాలా తీయగా 1953 ఏప్రిల్ 12న ట్రాములు శాశ్వతముగా నిలిచిపోయినవి. ఆంధ్రరాష్ట్రము అవతరించిన యేడే అది. ఆ కోలాహలమున మనవారు ట్రామును మరచుట వింత గాదు, క్షంతవ్యమును గాదు. పట్టాలు పోయినను చరిత్ర పాత టిక్కెట్లలో, ఛాయాచిత్రములలో, కుటుంబముల లేఖలలో చెదరి మిగిలియుండును. అట్టి కాగితమేదైన మీ యింటనున్నచో, తేదీయు స్థలమును వ్రాసి, సమీప గ్రంథాలయమునకు ఒసగుడు.