అశ్వరోమ రాకు మృత్పాత్రలు: వర్ణయోజనలో ఉష్ణోగ్రతల క్రమం

1. ఉపోద్ఘాతం

16వ శతాబ్దంలో జపాన్‌లోని క్యోటో నగరంలో తేనీటి గురువు సెన్ నో రిక్యూ అభిరుచికి అనుగుణంగా చోజిరో రూపొందించిన పాత్రలతో రాకు సంప్రదాయం ఆరంభమైంది. 1960లలో పాల్ సోల్డ్‌నర్ మొదలైన అమెరికన్ కళాకారులు, ఎర్రగా కాలిన పాత్రను బట్టీ నుంచి తీసి పొగకు గురిచేసే పద్ధతిని వ్యాప్తిలోకి తెచ్చారు. అశ్వరోమ పద్ధతి ఈ పాశ్చాత్య శాఖకు చెందినది. ఇందులో గ్లేజు అనే గాజుపూత ఉండదు. వేడి పాత్రపై పరచిన గుర్రపు వెంట్రుకలు కాలి, నల్లని గీతలను మిగులుస్తాయి. ఈ నలుపు తెలుపుల పాత్రకు రంగు చేర్చడం చూడటానికి సులభమే గాని, గీత స్వభావం దానికి కఠినమైన హద్దులు విధిస్తుంది.

2. గీత స్వభావం

వెంట్రుక కాలినప్పుడు వెలువడే కర్బనం మట్టి రంధ్రాలలోకి చేరడం వల్ల గీత ఏర్పడుతుంది. పాత్ర మరీ వేడిగా ఉంటే కర్బనం కూడా దహించుకుపోయి గీత నిలవదు. చల్లబడితే వెంట్రుక సరిగా కాలక అంటుకుపోతుంది. గాజుపూత రంధ్రాలను మూసివేస్తుంది కనుక ఇక్కడ పనికిరాదు. గీత పడిన పాత్రను మళ్లీ ఎర్రగా కాల్చితే గీతే మాయమవుతుంది. కాబట్టి రంగును ఏ దశలో చేర్చాలన్నదే అసలు ప్రశ్న.

3. మూడు దశలు

మొదటిది కాల్పుకు ముందు దశ. టెర్రా సిగిల్లాటా అనే అతి సన్నని మట్టిపూతలో లోహ ఆక్సైడులను గాని, సిరామిక్ రంగులను గాని కలిపి పూసి, నునుపుగా రుద్దుతారు. ఇది మట్టితోపాటు కాలి స్థిరపడుతుంది. అయితే ముదురు రంగుపై నల్లగీత కనిపించదు కనుక లేతరంగులే అనువైనవి.

రెండవది పాత్ర వేడిగా ఉన్న దశ. ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణాన్ని చల్లితే అది విఘటన చెంది ఐరన్ ఆక్సైడ్‌గా మారి పసుపు, నారింజ, తుప్పు వన్నెలను ఇస్తుంది. ఆ తరువాత కొంత చల్లబడిన పాత్రపై వెంట్రుకలు పరుస్తారు. ఈ చర్యలో వెలువడే హైడ్రోజన్ క్లోరైడ్ ఆవిరి శ్వాసకోశానికి హానికరం, లోహాలను తినివేస్తుంది. ఆరుబయట, గాలివాలును గమనిస్తూ, ఆమ్లవాయువులను అడ్డగించే ముసుగు, కళ్లద్దాలు, చేతితొడుగులు ధరించి మాత్రమే ఈ పని చేయాలి. సాధారణ ధూళి ముసుగు ఇక్కడ రక్షణ కాదు.

మూడవది పాత్ర చల్లారిన తరువాతి దశ. పలుచని ఆక్రిలిక్ రంగులు అద్ది, మైనంతో మెరుగుపెడతారు. గీత చెదరదు, ప్రమాదమూ తక్కువే. కాని ఆ రంగు కాలిన మట్టిలో భాగం కాదు. ఉపరితలంపై నిలిచిన పొర మాత్రమే.

4. ముగింపు

మొదటి దశలో స్థిరత్వం, రెండవ దశలో అగ్నిజన్యమైన వైవిధ్యం, మూడవ దశలో నియంత్రణ లభిస్తాయి. మూడూ ఒకేచోట దొరకవు. ఏ దశలో రంగు చేర్చినా పాత్ర సచ్ఛిద్రంగానే మిగులుతుంది కనుక అది నీటికి, ఆహారానికి పనికిరాదు, అలంకరణకే పరిమితం. తేనీటి పాత్రగా పుట్టిన రాకు ఈ రూపంలో తాగే పాత్రగా కాక చూసే పాత్రగా మారింది. ఈ కళలో రంగుల ఎంపిక కన్నా ఉష్ణోగ్రతల క్రమాన్ని తెలుసుకోవడమే ముఖ్యం.