పరమాణు గడియారము - అందలి లోహపు పెట్టె

2022 జూలై 16వ తేదీన భద్రాచలమువద్ద గోదావరి నీటిమట్టము 71 అడుగులు దాటినది. కిన్నెరసాని గోదావరిలో కలియు బూర్గంపాడు ప్రాంతమున పల్లెలు నీట చిక్కుకొన్నవి. అట్టి వరదలో ఒక పడవ తానున్న చోటును ఉపగ్రహ సంకేతములనుబట్టి గుర్తింపవలెనన్నచో, ఆ ఉపగ్రహములలోని గడియారములు సరిగా నడువవలెను. రేడియో తరంగము సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోవును. కనుక గడియారమున సెకనులో పదిలక్షలవ వంతు తప్పినను, దూరపు లెక్కలో 300 మీటర్లు తప్పును. గట్టుమీది మనిషి నడియేటిలో నున్నట్లు లెక్క తేలవచ్చును.

ఇంతటి నిలుకడ లోలకమునకు లేదు. దానిని పరమాణువునందే వెదకవలసి వచ్చినది. సీసియం పరమాణువు ఒక నిర్ణీతమైన పౌనఃపున్యముగల సూక్ష్మతరంగము తగిలినపుడే తన స్థితిని మార్చుకొనును. 1967లో సెకనును దానినిబట్టియే నిర్వచించిరి. ఆ తరంగము 9,19,26,31,770 సార్లు కంపించు కాలమే ఒక సెకను.

ప్రపంచమున ఏ మూలనున్నను సీసియం పరమాణువు స్వభావమొక్కటే. అయినను రెండు సీసియం గడియారములు అచ్చముగా ఒక్క తీరున నడువవు. ఏల? అందుకు గల కారణములలో ఒకటి, పరమాణువునకు తరంగమును అందించు పెట్టెలో నున్నది.

మనము రేడియో మర త్రిప్పి స్టేషనును పట్టునపుడు, సెట్టులోని తీగచుట్టయు కండెన్సరును కలిసి ఒక్క పౌనఃపున్యమునే ఎన్నుకొనును. సెంటీమీటర్ల నిడివిగల తరంగములకు ఆ పనిని బోలుగానున్న లోహపు పెట్టె చేయును. దీనిని అనునాద కుహరమందురు. బిందె పరిమాణమునుబట్టి దాని శ్రుతి యుండునట్లే, ఈ పెట్టె శ్రుతి దాని కొలతనుబట్టి యుండును. సీసియం తరంగపు నిడివి సుమారు 3.26 సెంటీమీటర్లు, పెట్టె కొలతయు దానికి తగినట్లే యుండవలెను.

చిక్కు ఇచటనే మొదలగును. రాగి ఒక డిగ్రీ వేడెక్కినచో పొడవులో పదిలక్షలకు సుమారు 17 పాళ్లు సాగును. రుబిడియం గడియారమునకు రాగి పెట్టెను అమర్చినచో, ఆ మాత్రపు వేడికే దాని శ్రుతి సెకనుకు లక్షకు పైగా కంపనములు దిగిపోవును. శ్రుతి జారిన తంబుర గాయకుని కంఠమును తనవైపు లాగినట్లు, పెట్టె గడియారమును తనవైపు లాగును. ఆ జారుడులో గడియారమునకు సంక్రమించునది అత్యల్పభాగమే. కాని కోటానుకోట్ల వంతులు లెక్కించుచోట అదియు ఎక్కువే. పెట్టె ఎంత తీక్ష్ణముగా పలికిన ఈ లాగుడు అంత హెచ్చును. అందుచేత నిపుణులు పెట్టె తీక్ష్ణతను మితముగా నుంచి, దాని వేడిని కనిపెట్టుచు, పరమాణువు స్పందనను వీలైనంత సన్నము చేయుదురు.

రెండవ చిక్కు మరింత సూక్ష్మమైనది. లోహపు గోడలు తరంగశక్తిని కొంత మ్రింగును. ఆ లోటు తీరుటకు శక్తి లోనికి ప్రవహించుచునే యుండవలెను. కనుక తరంగము పెట్టెయందంతట ఒక్కసారిగా ఎగసి పడదు. ఒక ప్రక్క కొంచెము ముందు, ఒక ప్రక్క కొంచెము వెనుక. దానిగుండ పోవు పరమాణువునకు పౌనఃపున్యమే మారినట్లు తోచును. ఎదురెదురు ప్రక్కలనుండి సమముగా శక్తినందించుట దీనికి ఒక విరుగుడు.

1949లో నార్మన్ రామ్సే పరమాణువులకు తరంగమును రెండు వేర్వేరు చోట్ల తాకించు పద్ధతిని కనుగొనెను. అందుకు 1989లో నోబెల్ బహుమతి లభించినది. అయితే ఆ రెండు చోట్లకు పొంతన కుదరనిచో గడియారము తప్పును. అందుకే తరువాతి గడియారములలో, చల్లబరచిన పరమాణువులను నీటిచిమ్మెనవలె పైకి చిమ్మి, పోవునపుడును పడునపుడును ఒకే పెట్టెగుండ పంపుచున్నారు. ఆ దోషము చాలవరకు తొలగినది.

2013 జూలైలో శ్రీహరికోటనుండి పంపిన మన తొలి నావిగేషన్ ఉపగ్రహములోని మూడు విదేశీ రుబిడియం గడియారములును పాడైనవి. 2023 మే 29వ తేదీన అక్కడినుండియే పోయిన ఎన్.వి.ఎస్.-01లో, అహ్మదాబాదు అంతరిక్ష కేంద్రమున తయారైన స్వదేశీ గడియారము నుంచిరి.

ఆగిన గడియారము తన దోషమును తానే చాటును. పెట్టె లాగిన గడియారము ఆగదు. తప్పును ఒప్పువలెనే చెప్పుచు పోవును. వరదలో పడవ నడుపువాడు దానిని కనిపెట్టలేడు. అతని బదులు కనిపెట్టవలసినవాడు, ఆ పెట్టెను కొలిచి కోసినవాడే.