రోడ్డు మీదే తరిగిపోయే మందు

నరికిన చెరుకు ఒక రోజు దాటితే చక్కెర రికవరీ పడిపోతుందని నిజామాబాద్ జిల్లా బోధన్ రైతుకు ఒకరు చెప్పక్కర్లేదు. 1937లో ఏర్పడి 2015 డిసెంబరులో మూతపడిన అక్కడి నిజాం చక్కెర ఫ్యాక్టరీ తోటలకు దగ్గరగా ఉండడంలో అర్థం అదే. పెట్ స్కాన్‌లో కేన్సర్ జాడ పట్టే ఎఫ్‌డీజీ మందుదీ ఇదే తంటా, కాకపోతే లెక్క నిమిషాల్లో. చిత్రంగా అదీ చక్కెరే: గ్లూకోజు అణువుకు రేడియోధార్మిక ఫ్లోరిన్-18 తగిలిస్తే వచ్చేది. చక్కెర కోసం ఆవురావురుమనే కేన్సర్ కణం దాన్ని లాక్కుంటుంది, అరిగించుకోలేక లోపలే ఉంచుకుంటుంది. ఫ్లోరిన్-18 ప్రతి 110 నిమిషాలకూ సగమైపోతుంది. హైదరాబాద్ సైక్లోట్రాన్‌లో తయారైన మందు మూడు గంటల్లో నిజామాబాద్ చేరిందనుకుంటే, మిగిలేది మూడో వంతుకు కాస్త తక్కువే. ఈ దూరానికి విరుగుడు కనిపెట్టడమే న్యూక్లియర్ మెడిసిన్‌లో భౌతికశాస్త్రం ఇకపై చేయాల్సిన పెద్ద పని అని నా వాదన.

కొంత విరుగుడు ఇప్పటికే ఉంది. ఎముకలు, గుండె స్కాన్లకు వాడే టెక్నీషియం-99ఎం ఆరు గంటలకే సగమవుతుంది. అది పుట్టే మాలిబ్డినం-99కు మాత్రం 66 గంటలు పడుతుంది. అందుకే మాలిబ్డినాన్నే సీసం కవచంలో పంపుతారు. ఆస్పత్రిలో దాని మీదుగా సెలైన్ పోసి, ఏ పూటకు కావలసిన టెక్నీషియం ఆ పూట దింపుకుంటారు. అయితే మాలిబ్డినం కొద్దిపాటి రియాక్టర్ల నుంచే రావాలి. 2009-10లో కెనడా చాక్ రివర్, నెదర్లాండ్స్ పెట్టెన్ రియాక్టర్లు ఆగేసరికి చాలా దేశాల్లో కటకట మొదలైంది. ఎఫ్‌డీజీకి ఈ వెసులుబాటూ లేదు, పెట్ స్కానర్‌లోని డిటెక్టరే దిక్కు. ఫ్లోరిన్ వదిలిన పాజిట్రాన్, ఎలక్ట్రాన్‌తో కలిసి మాయమయ్యేటప్పుడు రెండు గామా కిరణాలు చెరో దిక్కుకు పోతాయి. అవి డిటెక్టర్లను తాకే వేళల్లో తేడాను 200 పికోసెకన్ల దాకా కొలవగలిగితే అవి పుట్టిన చోటు 3 సెంటీమీటర్ల మేరకు తెలుస్తుంది. 10 పికోసెకన్లకు దిగితే మిల్లీమీటరున్నరకు. పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్లవ వంతు, మాటలు కాదు. కానీ కొలత పదునెక్కిన కొద్దీ తక్కువ మందుతోనే బొమ్మ తేటగా వస్తుంది. దారిలో తరగ్గా మిగిలిన ఆ మూడో వంతే సరిపోయే రోజు రావచ్చు.

ఇంత హైరానా ఎందుకు, రోగినే హైదరాబాద్ బస్సెక్కిస్తే పోదా అనవచ్చు. ఒక్క స్కాన్‌కైతే ఆ మాట నిజమే. చికిత్స దగ్గర అది చాలదు. ప్రోస్టేట్ కేన్సర్‌కు ఇచ్చే ల్యుటీషియం-177 సగమవడానికి ఆరున్నర రోజులకు పైనే పడుతుంది. మూడు గంటల ప్రయాణంలో తరిగేది నూటికి ఒకటిన్నర లోపే. అయితే కణితికి ఎంత చేరింది, కిడ్నీలకు ఎంత తగిలింది అన్నది మనిషి మనిషికీ మారుతుంది. అయినా సాధారణంగా అందరికీ ఒకే మోతాదు, 7.4 గిగాబెకరెల్, ఇస్తున్నారు. ఎవరి లెక్క వారికి తేలాలంటే మందెక్కించాక వారం రోజుల్లో రెండు మూడు సార్లు స్కాన్ తీయాలి. నీరసించిన మనిషి ప్రతిసారీ సుమారు 175 కిలోమీటర్లు పోయి రావడం కుదిరే పని కాదు. ల్యుటీషియం గామా కిరణాలనూ వదులుతుంది కనుక దీనికి పెట్ స్కానర్ అక్కర్లేదు, జిల్లా కేంద్రంలో ఒక స్పెక్ట్ గామా కెమెరా చాలు. లెక్క కట్టే మెడికల్ ఫిజిసిస్టు హైదరాబాద్‌లోనే ఉన్నా ఇబ్బంది లేదు, బొమ్మలు నెట్‌లో పంపవచ్చు.