స్టెరాయిడ్ గోలీలు వాడేవారికి నడుము నొప్పి వస్తే

నడుము నొప్పి మన ప్రాంతానికి కొత్త జబ్బేమీ కాదు. రోజంతా వంగి నాట్లు వేసే ఆడవారికి, చాట ఒళ్లో పెట్టుకొని పొద్దస్తమానం బీడీలు చుట్టేవారికి నడుము నొప్పి రాకపోతేనే ఆశ్చర్యం. అటువంటి నొప్పులు చాలావరకు కొద్ది వారాల్లో వాటంతట అవే తగ్గిపోతాయి. కాని నెలల తరబడి స్టెరాయిడ్ మందులు వాడుతున్నవారికి కొత్తగా వచ్చిన నడుము నొప్పిని ఆ లెక్కలో వేయరాదు. ఎందుకో ఈసారి తెలుసుకుందాం.

ముందుగా మీరు వాడుతున్నది స్టెరాయిడా, కాదా? ప్రెడ్నిసోలోన్ (వైసోలోన్, ఓమ్నాకార్టిల్), మిథైల్ ప్రెడ్నిసోలోన్ (మెడ్రాల్), డెఫ్లజాకార్ట్, డెక్సామెథాసోన్, బెట్నెసాల్ – ఇవన్నీ ఆ కోవలోవే. కీళ్లవాతం, దమ్ము, లూపస్, కొన్ని మూత్రపిండాల జబ్బులు, కుష్ఠువ్యాధిలో వచ్చే రియాక్షన్లకు డాక్టర్లు వీటిని రాస్తారు. తెలియకుండా వాడేవారు కూడా ఉన్నారు. పేరు లేని పొట్లంలో కట్టి ఇచ్చే కీళ్లనొప్పుల పొడి రెండు రోజుల్లోనే నొప్పి మాయం చేసి, ఆకలి పెంచి, నెల తిరిగేసరికి ముఖం గుండ్రంగా ఉబ్బేలా చేస్తే, అందులో స్టెరాయిడ్ కలిసి ఉందేమోనని అనుమానించాలి. ఆ పొట్లం పారవేయకుండా మాకు తెచ్చి చూపించండి.

స్టెరాయిడ్ చెడ్డ మందు అని మేము చెప్పడం లేదు. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో డాక్టర్ ఫిలిప్ హెంచ్ తీవ్రమైన కీళ్లవాతంతో బాధపడుతున్న ఒక స్త్రీకి కార్టిజోన్ ఇంజక్షన్లు ఇస్తే, ఆమె కొద్ది రోజుల్లోనే హాయిగా నడవగలిగింది. 1950లో ఆయనకూ, ఆయనతోపాటు కెండల్, రైక్‌స్టీన్ అనే శాస్త్రవేత్తలకూ నోబెల్ బహుమతి వచ్చింది. అయితే ఎక్కువకాలం వాడితే వచ్చే కష్టాలు కూడా త్వరలోనే తెలిసివచ్చాయి. వాటిలో ముఖ్యమైనది ఎముకలు గుల్లబారడం.

మన ఎముక రాయి వంటిది కాదు. ఒకవైపు కొద్దికొద్దిగా కరుగుతూ, మరోవైపు కొత్తగా కట్టుకుంటూ ఉంటుంది. స్టెరాయిడ్ ఈ కట్టే పనిని మందగింపజేస్తుంది. పేగులు కాల్షియంను తక్కువగా తీసుకుంటాయి, మూత్రంలో ఎక్కువగా పోతుంది. ఈ నష్టం మొదటి 3 నుండి 6 నెలల్లోనే వేగంగా జరుగుతుంది. వెన్నుపూసలకు ముందుగా దెబ్బ తగులుతుంది. చెదలు తిన్న దూలం పైకి బాగానే కనబడుతుంది కదా, ఇదీ అంతే. బిందె ఎత్తినప్పుడో, గట్టిగా దగ్గినప్పుడో పూస నలిగిపోతుంది. నిలబడితే నొప్పి ఎక్కువై, పడుకుంటే కాస్త తగ్గుతుంది. కొందరికి నొప్పే తెలియదు. ఎత్తు తగ్గడం, వీపు గూనిపోవడం మాత్రమే కనబడతాయి.

"నడుము బాగ గుంజుతుంది డాక్టరమ్మా, అందుకే ఆ గోలీలు బందు పెట్టిన" అని కొందరు చెబుతారు. దయచేసి ఈ పని చేయవద్దు. మూడు నాలుగు వారాలకు మించి స్టెరాయిడ్ వాడితే మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు తమ పని మానుకొని నిద్రపోతాయి. మందు ఒక్కసారిగా ఆపితే వాంతులు, విపరీతమైన నీరసం, బి.పి. పడిపోవడం జరిగి ప్రాణం మీదికి రావచ్చు. మోతాదును డాక్టరు మాత్రమే మెల్లమెల్లగా తగ్గించాలి. దమ్ముకు పీల్చే ఇన్‌హేలర్‌లో ఉండే స్టెరాయిడ్ మోతాదు చాలా తక్కువ. నడుము నొప్పి భయంతో దాన్ని మానవద్దు.

రెండవ పొరపాటు, నడుము పట్టిందని తొక్కించుకోవడం. ఎదురుకాళ్లతో పుట్టినవారు తన్నితే పట్టు వదులుతుందని మన పల్లెల్లో ఒక నమ్మకం ఉంది. గుల్లబారిన వెన్ను మీద ఆ తన్ను పడితే ఏమవుతుందో మీరే ఆలోచించండి. గట్టిగా మర్దనా చేయించుకోవడం కూడా కూడదు. డైక్లోఫెనాక్ వంటి నొప్పి గోలీలు స్టెరాయిడ్‌తో కలిస్తే కడుపులో పుండ్లు పడి రక్తం పోయే ప్రమాదం ఉంది. అవసరమైతే డాక్టరు చెప్పిన మోతాదులో పారాసిటమాల్ వాడుకోవచ్చు.

ఆసుపత్రికి వస్తే వెన్నుకు పక్క నుండి ఎక్స్-రే తీస్తాం. ఎముక బలం కొలిచే డెక్సా పరీక్షకు హైదరాబాద్ పంపవలసి రావచ్చు. పూస నలిగితే నొప్పి సాధారణంగా 6 నుండి 12 వారాల్లో తగ్గుతుంది, కాని తరువాతి పూస నలగకుండా చూసుకోవడమే అసలు వైద్యం. అందుకు వారానికి ఒకసారి వేసుకునే అలెండ్రోనేట్ 70 మిల్లీగ్రాముల గోలీ చాలామందికి సరిపోతుంది. పరగడుపున గ్లాసు నిండా నీళ్లతో మింగి, అరగంట వరకు ఏమీ తినకుండా, పడుకోకుండా ఉండాలి, లేకుంటే అన్నవాహిక పుండు పడుతుంది. పిల్లలు కావాలనుకునే స్త్రీలు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఆ సంగతి ముందే చెప్పాలి.

రోజుకు 1000 నుండి 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. జొన్నరొట్టె బలమైన తిండే అయినా 100 గ్రాముల జొన్నల్లో కాల్షియం 30 మిల్లీగ్రాములకు మించదు. అదే తైదల్లో 350 వరకు ఉంటుంది. కాబట్టి పొద్దున తైద అంబలి, పూటపూటకూ పెరుగు, మునగాకు, నువ్వుల పొడి అలవాటు చేసుకోండి. చాలనప్పుడు గోలీ రాస్తాం. విటమిన్ డి 60,000 యూనిట్ల మందును సొంతంగా నెలల తరబడి వాడరాదు.

నొప్పి ఎక్కువగా ఉన్న ఒకటి రెండు రోజులు తప్ప మంచం పట్టవద్దు, కదలని ఎముక ఇంకా గుల్లబారుతుంది. నెమ్మదిగా నడవండి. లేచేటప్పుడు పక్కకు తిరిగి, చేతుల ఊతంతో లేవండి. బిందెలు, బియ్యం బస్తాలు ఇంట్లో ఇంకొకరు ఎత్తాలి. కోడళ్లు, కొడుకులు ఈ మాట గుర్తుంచుకోవాలి. స్టెరాయిడ్ వల్ల తొడ కండరాలు కూడా బలహీనపడతాయి గనుక కింద కూర్చొని లేవలేనివారు కుర్చీ వాడుకోవాలి. బీడీ, చుట్ట, కల్లు మానాలి.

గజ్జల్లో నొప్పి వచ్చి కుంటుతుంటే తుంటి ఎముకకు రక్తం అందడం లేదేమో చూడాలి. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే వెన్ను టీబీ కావచ్చు. స్టెరాయిడ్ జ్వరాన్ని కప్పిపుచ్చుతుంది కనుక జ్వరం లేదని ధీమా పడవద్దు. కాళ్లు పట్టు తప్పినా, మూత్రం ఆగిపోయినా లేక తెలియకుండా పోతున్నా, కూర్చునే చోట తిమ్మిరి పట్టినా తెల్లవారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి. వచ్చేటప్పుడు మీరు వాడుతున్న స్టెరాయిడ్ చీటీ వెంట తెచ్చుకోండి.