ఎం.పి.3 పాటలకు మంచి హెడ్‌ఫోన్లు దండగేనా?

మా హాస్టల్లో రాత్రి భోజనాలయ్యాక జరిగే చర్చల్లో రాజకీయాలు, సినిమాలు, మెస్సు సాంబారు తరువాతి స్థానం ఈమధ్య హెడ్‌ఫోన్లకు దక్కింది. నెలల తరబడి డబ్బు కూడబెట్టుకున్న ఒక జూనియర్ మిత్రుడు నా గదికి వచ్చి, "అన్నా, నా ఫోన్లో వున్నవన్నీ ఎం.పి.3 పాటలే. నాలుగు వేలు పెట్టి హెడ్‌ఫోన్లు కొంటే ఏమైనా లాభం వుంటుందా, లేక బూడిదలో పోసిన పన్నీరేనా?" అని అడిగాడు. పక్కనున్న మిత్రుడు, "పిండి పిప్పి చేసిన పాటకు నాలుగు వేల హెడ్‌ఫోన్లేమిట్రా!" అని కొట్టిపారేశాడు. ఇంకొకడు, "డబ్బు పెడితే ఏ పాటైనా బాగుపడుతుంది" అన్నాడు. ఇద్దరి మాటల్లోనూ సగం సగం నిజం వున్నది. ఆ సగాలను విడదీసి చూడటమే ఈ వ్యాసం వుద్దేశం.

పాటలోంచి పోయినదేమిటి?

ముందు లెక్క చూద్దాం. సి.డి.లో ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ఒక్కొక్క కొలతనూ 16 బిట్లలో నమోదు చేస్తారు. కుడి, ఎడమ రెండు వైపులకూ కలిపి సెకనుకు 14,11,200 బిట్లు. ఈ లెక్కన నాలుగు నిమిషాల పాటకు సుమారు 42 మెగాబైట్లు కావాలి. అదే పాటను సెకనుకు 128 కిలోబిట్ల ఎం.పి.3గా మారిస్తే నాలుగు మెగాబైట్లలోపే ఇమిడిపోతుంది. పదకొండు వంతుల్లో ఒక్క వంతు మాత్రమే మిగిలిందన్నమాట! మరి పాట పాటలాగే వినబడుతున్నదే, ఎలా?

ఇక్కడే మన చెవి స్వభావాన్ని తెలుసుకోవాలి. పెళ్ళి ఊరేగింపులో డోలు మోగుతుండగా పక్కవాడు గుసగుసలాడితే మనకు వినబడదు. గుసగుస లేక కాదు. పెద్ద శబ్దం దాన్ని కప్పేసింది. అలాగే ఒక బలమైన ధ్వనికి దగ్గరి పౌనఃపున్యంలో వున్న బలహీనమైన ధ్వనిని, గట్టి దెబ్బ వెనువెంటనే వచ్చే చిన్న సవ్వడిని చెవి పట్టుకోలేదు. ఎం.పి.3 పద్ధతి పాటను చిన్న చిన్న ముక్కలుగా కోసి, చెవికి ఎలాగూ అందనివాటిని వదిలేసో, ముతకగా రాసో సరిపెడుతుంది. అందేవాటిని మాత్రం జాగ్రత్తగా భద్రపరుస్తుంది.

జర్మనీలోని ఎర్లాంగెన్‌లో కార్ల్‌హైన్జ్ బ్రాండెన్‌బర్గ్, ఆయన సహచరులు ఈ పద్ధతికి మెరుగులు దిద్దుతున్నప్పుడు వారిని ముప్పుతిప్పలు పెట్టినది సుజాన్ వేగా అనే గాయని వాద్యాలేవీ లేకుండా పాడిన 'టామ్స్ డైనర్' పాట. తప్పును కప్పిపుచ్చటానికి పక్కన మరో వాద్యం లేదు గదా! అందుచేత గొంతులో వచ్చిన ప్రతి దోషమూ బయటపడింది. ఆ పాటను మళ్ళీ మళ్ళీ విని పద్ధతిని సవరించుకున్నారు. 1993లో అది అంతర్జాతీయ ప్రమాణంగా ప్రచురితమైంది. ఫైలు పేరు చివర 'ఎం.పి.3' అనే తోక 1995లో వచ్చింది.

ఐతే బిట్లు మరీ తగ్గితే ఈ ఉపాయం పారదు. 64 కిలోబిట్లకు దించిన ఫైల్లో తంబురా నాదం నీళ్ళలోంచి వస్తున్నట్లు వుంటుంది. తాళాల మోత ఇసుక రాలినట్లు మారుతుంది. కచేరీ చివర చప్పట్లు వాన చప్పుడైపోతాయి. కంజీర మీద దెబ్బ పడకముందే సన్నని సవ్వడి వినబడటం కూడా కద్దు. 192, 256 కిలోబిట్లకు చేరితే మాత్రం, బాగా తయారుచేసిన ఫైలునూ అసలు సి.డి.నీ వేరుచేసి చెప్పటం చాలామందికి సాధ్యం కాదు.

తూము, కాలువ

ఫైలు ఎంత మంచిదైనా చివరకు మన చెవి దగ్గర గాలిని కదిలించేది హెడ్‌ఫోనులోని పలుచని పొర. కాలువలో ఎంత నీరున్నా తూము ఎంతో పొలానికి పారేది అంతే. నాసిరకం ఇయర్‌ఫోను కొన్ని స్థాయిలను మింగేస్తుంది, కొన్నింటిని ఊదరగొడుతుంది. రెండు రకాల హెడ్‌ఫోన్ల మధ్య కొన్ని పౌనఃపున్యాల దగ్గర 10 డెసిబెల్స్ తేడా రావటం వింతేమీ కాదు. 256 కిలోబిట్ల ఎం.పి.3కీ సి.డి.కీ మధ్యనున్న తేడా దీని ముందు ఏపాటిది? కనుక "ఎం.పి.3కి మంచి హెడ్‌ఫోన్లు దండగ" అన్న మిత్రుని మాట నిలవదు. ఫైలు సరైనదైతే, సాధారణంగా చెడగొడుతున్నది ఫైలు కాదు, తూమే.

రెండో మిత్రుని మాటా నిలవదు. కాలువ ఎండిపోయాక తూము వెడల్పు చేసి ఏం లాభం? ఫైలు తయారైనప్పుడు పోయిన దాన్ని ఏ హెడ్‌ఫోనూ తిరిగి తేలేదు. పైగా మంచి హెడ్‌ఫోను చెడ్డ ఫైలులోని లోపాలను మరింత విప్పి చూపిస్తుంది. 64 కిలోబిట్ల పాటనే 320గా మార్చి పంచిపెట్టే పుణ్యాత్ములున్నారు; అది పేరు గొప్ప, ఊరు దిబ్బ. ఇక ఘంటసాల గారి పాత సినిమా పాటల్లో వినిపించే 'సుయ్' మనే చప్పుడు ఎం.పి.3 తప్పు కాదు, నాటి రికార్డింగుది. దాన్నీ హెడ్‌ఫోను తీసెయ్యలేదు.

కొనేముందు

పైసా ఖర్చులేని పనులు ముందు చెయ్యాలి. పాటల యాప్‌లో డేటా పొదుపు కోసం నాణ్యత తగ్గించి వున్నదేమో చూడండి. చెవిలో పెట్టుకునే రకమైతే రబ్బరు తొడుగు మీ చెవికి కుదిరిందో లేదో చూడండి. సందు వుంటే మంద్రస్థాయి అంతా బయటికి పోతుంది. దీనికే బాసు లేదని కొత్తవి కొనేవారున్నారు! బ్లూటూత్ హెడ్‌ఫోన్లు వాడేవారు, పాట వారి చెవి చేరేముందు సాధారణంగా మరోసారి కుదించబడుతుందని గుర్తుంచుకోవాలి.

తరువాత మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి. ఒకే సి.డి. పాటను అసలు రూపంలోనూ, ఎం.పి.3గానూ సిద్ధం చేసుకుని, రెంటి వాల్యూమూ సమానం చెయ్యండి. బిగ్గరగా వున్నదే బాగున్నట్లు తోస్తుంది. మిత్రుడు నాణెం ఎగరేసి మీకు చూపకుండా ఏదో ఒకటి వినిపించాలి, మీరు అది ఏదో చెప్పాలి. 16 సార్లలో 12 అంతకుమించి సరిగా చెబితే మీ చెవిని నమ్మవచ్చు. ఊరికే ఊహించి అన్ని చెప్పగల అవకాశం నూటికి నాలుగు కంటె తక్కువ.

అసలు లాభం

అన్నిటికంటె ముఖ్యమైన సంగతి చివరకు మిగిల్చాను. బస్సులో ఇంజను మోతను మించి పాట వినబడాలని మనం వాల్యూము పెంచుకుంటూ పోతాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు వినవచ్చు. 90కి చేరితే వారానికి నాలుగే గంటలు. లోచెవిలోని సున్నితమైన రోమకణాలు ఒకసారి చస్తే మళ్ళీ మొలవవు. చెవికి చక్కగా అమరి బయటి రొదను ఆపే హెడ్‌ఫోనుంటే తక్కువ వాల్యూములోనే పాట స్పష్టంగా వినిపిస్తుంది. ఫైలులో పోయిన బిట్లను మరో సి.డి. నుంచి తెచ్చుకోవచ్చుగాని, పోయిన వినికిడిని ఎక్కణ్ణించి తెస్తాం?

మా జూనియర్ ఆ రాత్రే పరీక్షకు కూర్చున్నాడు. 256 కిలోబిట్ల పాటలో 16కు 9 సరిగా చెప్పి, తానే నవ్వేశాడు. 64 కిలోబిట్లది మాత్రం ప్రతిసారీ పట్టేశాడు. చివరకు నాలుగు వేలు పెట్టలేదు. అందులో సగానికి చెవులను పూర్తిగా మూసే రకం కొన్నాడు, పాత 64 పాటలన్నీ చెరిపేసి మంచివి ఎక్కించుకున్నాడు, మిగిలిన డబ్బు పరీక్ష ఫీజుకు దాచుకున్నాడు. ఇదివరకు అతని పాట మా వరండా అంతటికీ వినిపించేది. ఇప్పుడు అతనొక్కడికే వినిపిస్తున్నది. నా దృష్టిలో ఆ రెండు వేలు దండగ కాలేదు.