మీకు తెలుసా? దినార్‌కు వెయ్యి ఫిల్స్!

బద్వేలు, రాజంపేట, రాయచోటి వైపు నుంచి ఎంతోమంది పనికి వెళ్లే కువైట్‌లో ఒకప్పుడు మన రూపాయే చెల్లేది. 1959లో రిజర్వు బ్యాంకు గల్ఫ్ ప్రాంతం కోసమే వేరే రంగులో నోట్లు అచ్చువేసింది. 1961లో కువైట్ సొంత దినార్ తెచ్చుకుంది. ఇప్పుడు ఒక్క దినార్ 250 రూపాయల పైమాటే.

దినార్‌కు వంద పైసలు కాదు, వెయ్యి ఫిల్స్. అందుకే అంగడి బిల్లులో చుక్క తర్వాత మూడు అంకెలుంటాయి. 2.500 అంటే రెండున్నర దినార్లు, రెండువేల ఐదువందలు కాదు. కొత్తగా వెళ్లినవాళ్లు తికమకపడేది ఇక్కడే. పావు దినార్‌కూ నోటుంది. చిల్లరే కదా అని వదిలేయకండి, అది అరవై రూపాయలకు పైనే.

ఇక కార్డు. 2020 అక్టోబరు నుంచి మన బ్యాంకులు కొత్తగా ఇచ్చే కార్డులు విదేశాల్లో వాటంతటవి పనిచేయవు. బయల్దేరకముందే యాప్‌లోనో, బ్రాంచిలోనో ఆ సదుపాయం పెట్టించుకోవాలి. అక్కడ స్వైపింగ్ మిషన్ రూపాయలా, దినార్లా అని అడిగితే దినార్లే నొక్కండి. రూపాయలు నొక్కితే మార్పిడి రేటు మిషన్ వాళ్లది పడుతుంది, అది చాలాసార్లు మనకు నష్టమే. మన నోట్లయితే 25,000 రూపాయల వరకే వెంట తీసుకెళ్లనిస్తారు.